స్టీలు డబ్బాలో ఫలహారం

"ఇవేందమ్మా?"

జయశ్రీ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని రచనకు ఆ క్షణంలోనే అనిపించింది. అత్తగారు అరిస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. తల వంచుకుని వంటింట్లోకి వెళ్లిపోతే కాసేపట్లో గాలివాన వెలిసిపోతుంది. ఇలా నెమ్మదిగా అడిగినప్పుడే భయం.

డైనింగ్ టేబుల్ మీద కవర్లు. ఖాళీ కవర్లు. ఒకటీ రెండూ కాదు, గుప్పెళ్లకొద్దీ. బాదం, జీడిపప్పు, ఖర్జూరం బొమ్మలతో తళతళలాడుతున్న కవర్లు. పక్కనే నోరు తెరుచుకుని రచన పాత కాలేజీ బ్యాగు.

ఆమె భుజానికి ఆఫీసు బ్యాగు ఇంకా వేలాడుతూనే ఉంది. హిమాయత్‌నగర్ నుంచి నారాయణగూడ చౌరస్తా దాటి చిక్కడపల్లి సందులోకి వచ్చేసరికి ప్రాణం తోకకొచ్చింది. కాళ్లు కడుక్కుని నేరుగా స్నానానికి పోవాలి. ఇంట్లో స్వామి ఉన్నాడు. రేపు పొద్దున్నే ఇరుముడి.

స్వామి అంటే రాఘవేందర్, రచనకు మామగారు. నారాయణగూడలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నది మొదలు ఆయనకు మామయ్య, డాడీ అన్న పిలుపులు పోయి స్వామి ఒక్కటే మిగిలింది. ఆయనా భార్యనూ కోడలినీ ఒకే లెక్కన మాత అంటున్నాడు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం పూజయ్యాక ఇంత ఫలహారం. రేపు ఇరుముడి మూట నెత్తిన పెట్టుకుని కాచిగూడలో రైలెక్కితే శబరిమల.

పూజగది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి శరణుఘోష వినబడుతోంది. పలికేది ఆయనే, బదులు పలికేదీ ఆయనే.

"దారిల స్వామి బట్టలకు పనికొస్తదని నీ బ్యాగు దించిన," అంది జయశ్రీ. "జిప్పు తీస్తె ఇవి రాలినయ్."

"అవి... నేను ఆఫీసుల తినేటియి అత్తమ్మా."

"ఇన్ని తింటవా నువ్వు?"

జయశ్రీ స్టీలు డబ్బా మూత తీసింది. అందులోంచి ఒక ఖర్జూరం పట్టీ తీసి ఖాళీ కవరు మూతి దగ్గర పెట్టి, వేలితో నెట్టింది. అగ్గిపెట్టెలో అర దూరినట్టు సరిగ్గా దూరిపోయింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది రచన పని.

"తానం చేసి, తడిజుట్టుతోని వంటింట్ల నిలబడి చేస్తున్న అన్నవ్. నేను నమ్మిన. మా అక్కకు, ఆడపడుచులకు ఫోన్లు చేసి మరీ చెప్పిన, మా కోడలు ఆఫీసుకెళ్లి వచ్చి గూడ స్వామికి తన చేతులతోని పట్టీలు చేస్తదని. చిక్కడపల్లిల నేను చెప్పని మనిషి లేదు గద!"

అది మాత్రం అక్షరాలా నిజం. జయశ్రీ నోట్లో నువ్వుగింజ నానదు.

"మొదట్ల చేసిన అత్తమ్మా. నిజంగ చేసిన."

చేసింది. మోకాళ్ల నొప్పులతో జయశ్రీ మధ్యాహ్నం భిక్ష వండేసరికే కూలబడుతుంది కాబట్టి సాయంత్రం ఫలహారం కోడలి వంతుకు వచ్చింది. మామగారికేమో షుగరు. ఉప్మా, అటుకులు రోజూ పనికిరావు. బెల్లం పాకం పట్టిన పల్లీపట్టీ అసలే కుదరదు. పొద్దు వాలేసరికి దుకాణంలో కళ్లు తిరుగుతున్నాయని ఒకనాడు ఆయనే అన్నాడు. గిన్నె, చెంచా అక్కర్లేనిది, జేబులో పెట్టుకు పోగలిగింది, పప్పుగింజలు నిండుగా ఉన్నది ఏదైనా కావాలి. రచన ఖర్జూరం రుబ్బి, బాదం, పల్లీలు, అక్రోట్లు వేయించి కలిపి పళ్లెంలో పరిచింది. ఒకసారి రాయిలా గట్టిపడింది. ఇంకోసారి హల్వాలా జారింది. మేనేజరు సాయంత్రం మీటింగు పెట్టిన రోజున చెయ్యనే లేదు.

అప్పుడు కొన్నది. ఊరికే కొనలేదు. అశోక్‌నగర్ స్టడీహాళ్లలో గ్రూప్స్‌కు చదివిన పిల్ల ఆమె. సర్కారు కొలువైతే రాలేదు గానీ చిన్న అక్షరాలను వదలకుండా చదివే అలవాటు మాత్రం మిగిలిపోయింది. హిమాయత్‌నగర్ దుకాణంలో నిలబడి ఒక్కో డబ్బా వెనక్కి తిప్పి చదివింది. ఒకదాని మీద బాదం బొమ్మ అరచేయంత, లోపల బాదం పిసరంత. రాసిన పేర్లలో మొదటిదే పంచదార. ఇంకోదాని ముందు తేనె, వెనక గ్లూకోజ్ సిరప్. మరొకటి చాక్లెట్ పూత, పూత కింద పామాయిల్. చివరికి ఒకటి నచ్చింది. సగానికి పైగా పప్పులే, తీపికి ఖర్జూరం తప్ప ఏమీ లేదు, మూలన శాకాహారమని చెప్పే పచ్చచుక్క. ఇంటికి తెచ్చి, కవర్లు ఒలిచి, స్టీలు డబ్బాలో సర్దింది.

తప్పంతా ఆ ఒలవడంలోనే ఉంది. మాలలో ఉన్న స్వామి బయట కొన్నది ముట్టడు. ఇంట్లో, స్నానం చేసిన చేతులతో చేసిందే తింటాడు. కవరు కనబడితే తినడు, కనబడకపోతే తింటాడు, కాబట్టి కవరు కనబడకూడదు. ఇంత తేలికైన లెక్క గ్రూప్స్ పరీక్షలో కూడా రాలేదు. ఒలిచినవాటిని ఇంటి చెత్తబుట్టలో వేస్తే అత్తగారి కంట పడతాయని పాత బ్యాగులో కుక్కింది, వీలు చూసుకుని ఎక్కడైనా పారేద్దామని. ఆ వీలు ఇవాళ్టి వరకూ చిక్కలేదు.

"బయటి తిండి పెట్టినవ్ స్వామికి," అంది జయశ్రీ. "పెట్టి, ఇంట్ల చేసిన అన్నవ్."

రచన భుజం మీది ఆఫీసు బ్యాగు దించి కింద పెట్టింది.

"అమ్మా, ఇగ చాలు," అన్నాడు అనురాగ్. అంతవరకూ తల్లికీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డవాడు ఒక అడుగు ముందుకేశాడు. "పొద్దుగాల పోతే చీకటి పడ్డంక వస్తది. ఎక్కడి టైముంటది చేసెతందుకు? అబద్ధం చెప్పింది, తప్పే. కానీ పెట్టింది విషం గాదు గద. పప్పులు, ఖర్జూరం. చూడు, నేనే చదువుత."

టేబుల్ మీది కవర్లలో చేతికి దొరికినదాన్ని తీసి వెలుతురుకు పట్టాడు.

"బాదం. జీడిపప్పు. ఖర్జూరం..."

ఆగిపోయాడు.

"చదువు," అంది జయశ్రీ.

"రచనా, దీని మీద పచ్చచుక్క లేదు."

రచన కవరు అందుకుంది. అవే బొమ్మలు, అవే అక్షరాలు, అదే మెరుపు. కానీ పచ్చచుక్క ఉండాల్సిన మూలన ఎర్రమట్టి రంగు త్రికోణం ఉంది. వెనక్కి తిప్పింది. బాదం, జీడిపప్పు, ఖర్జూరం. వాటి కిందనే, అంతే చిన్న అక్షరాల్లో, ఎగ్ వైట్.

ఆమె ఇంకో కవరు తీసింది. పచ్చచుక్క. ఇంకొకటి, త్రికోణం. ఇంకొకటి, త్రికోణం. కుప్పలో సగం అవే.

మొదటి డబ్బా అయిపోయాక మళ్లీ దుకాణానికి పోయే తీరిక లేక, మీటింగుకూ మీటింగుకూ మధ్య ఫోన్లో ఆర్డర్ చేసింది. ఆ బొమ్మ కనబడగానే నొక్కేసింది. డబ్బా ఇంటికొచ్చిన రోజున క్లయింటు ఫోన్లో ఉన్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టి, సరే సార్ సరే సార్ అంటూ కవర్లు ఒలిచింది. మొదటిసారి అంత చదివిన కళ్లు రెండోసారి చూడనే లేదు. కవరు ఉంచి ఉంటే మామగారే చూసేవాడు. టూత్‌పేస్టు డబ్బా మీద కూడా పచ్చచుక్క వెతికే మనిషి ఆయన.

"ఏం రాసుందిరా?" జయశ్రీ కొడుకు వైపు తిరిగింది. "నోరు ఇప్పవేంది? ఏం రాసుంది?"

"గుడ్డు," అన్నాడు అనురాగ్. "గుడ్డు తెల్లసొన కలిపిండ్రంట."

జయశ్రీ అరుస్తుందని రచన ఎదురుచూసింది. ఇల్లు లేచిపోతుందనుకుంది. జయశ్రీ అరవలేదు. కుర్చీ వెన్ను పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. పూజగదిలో గంట మోగింది. హారతి మొదలైంది.

"కవర్లు తియ్యి," అంది చివరికి, గుసగుసగా. "తియ్యిరా జల్ది! స్వామి బయటికొస్తడు."

"అమ్మా..."

"స్వామికి తెల్వద్దు. రేపు ఇరుముడి కట్టుకోని రైలెక్కెదాంక తెల్వద్దు. వాపస్ వచ్చినంక గూడ తెల్వద్దు. నేను సచ్చెదాంక తెల్వద్దు."

చిక్కడపల్లి అంతా టాంటాం వేసే మనిషి నోట ఈ మాట విని రచన నిర్ఘాంతపోయింది.

"అమ్మ చెప్పేది కరెక్టే," అన్నాడు అనురాగ్, కవర్లు బ్యాగులోకి ఊడ్చేస్తూ. "తెల్వక తిన్నదానికి దోషం లేదంటరు. చెప్తేనే లేనిపోని పరేషాన్."

తల్లి తానా అంటే కొడుకు తందానా. రచనకు హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది.

"చెప్తే ఏం చేస్తరు అత్తమ్మా?"

"ఏం చేస్తడు, మాల తీస్తడు! మీ మామ సంగతి నీకెర్క లేదా? నాకు నేనే సర్దిచెప్పుకుంట అనే మనిషా? మాల తీస్తే మొక్కు తప్పినట్టు. మొక్కు తప్పితే..."

జయశ్రీ చటుక్కున ఆగింది.

"ఏం మొక్కు? ఈయన ట్రాన్స్‌ఫర్ కోసం అన్నరు గద?"

అనురాగ్ తల్లి వైపు చూశాడు. తల్లి చూపు తిప్పుకుంది. ఆ ఇద్దరికీ తెలిసి తనకు తెలియనిదేదో ఆ ఇంట్లో ఉందని రచనకు మొదటిసారి అర్థమైంది.

"చెప్పుండ్రి అత్తమ్మా."

"ట్రాన్స్‌ఫర్ లేదు, పాడు లేదు," అంది జయశ్రీ. "నీ కోసం. పోయిన ఏడు వానకాలంల డెంగీ వచ్చి నువ్వు ఐసీయూల పడితివి గద. ప్లేట్‌లెట్లు ఆగుతలేవు, చుట్టాలను పిలిపించుకోండి అన్నరు డాక్టర్లు. అప్పటిదాంక మీ మామ గుడి మెట్లెక్కి ఎరగడు. సిగరెట్టు ఆర్పి ఎరగడు. గా వరండాల గోడకు తలకాయ ఆనిచ్చి, ఆ పిల్లను ఇంటికి తోల్కొస్తే మాలేసుకోని నీ కొండెక్కుత అని మొక్కిండు. నీకు చెప్పొద్దని మా ఇద్దరితోని ఒట్టేయించుకున్నడు. చెప్తే ఆ పిల్లకు భారమైతది, నాకెదురుంగ నవ్వుడు బంద్ చేస్తది అన్నడు."

నువ్వుగింజ నానని నోట్లో ఇంత పెద్ద మాట ఇన్నాళ్లు నానింది. రచన టేబుల్ అంచు పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు," జయశ్రీ కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "మొక్కు తప్పితే కీడు ఎవరికైతది? ఆయనకు గాదే పిచ్చిదానా. నీకు!"

నలుగురూ ఏమనుకుంటారోనని అత్తగారు భయపడుతోందని అనుకుంది రచన. అది కాదు. ఆమె భయమంతా కోడలి ప్రాణం గురించే. మొక్కులు తప్పితే మనుషులు పోతారని రచన నమ్మదు. కానీ పుష్యమాసపు చలిలో వట్టి చాప మీద ఒక మనిషి పడుకుంటున్నది తన కోసమని తెలిశాక, ఆ మనిషికి తన చేత్తో రోజూ పెట్టిందేమిటో తలచుకుని డబ్బా వైపు చూడలేకపోయింది.

పూజగది తలుపు తెరుచుకుంది.

నల్లలుంగీ, ఒళ్లంతా విభూతి, మెడలో తులసిమాల. చిక్కిపోయాడు గానీ ముఖం కళకళలాడుతోంది.

"ఏంది మాతా, అందరు గట్ల కొయ్యబారిండ్రు? నేను రేపు కొండకు పోతున్ననా, సముద్రంల దుంకుతున్ననా?" అని తనే నవ్వి, చాప మీద కూర్చున్నాడు రాఘవేందర్. "ఫలహారం పెట్టుండ్రి. స్వాములొస్తున్నరు. కలిసి గురుస్వామి ఇంటికి పోవాలె."

"పండ్లు కోస్త స్వామీ," జయశ్రీ గబగబా లేచింది. "ఇయ్యాల పండ్లు తినుండ్రి. అరటిపండ్లున్నయ్, జామ ఉంది..."

"పండ్లెందుకు? డబ్బా ఈడనే ఉంది గద."

చెయ్యి చాచి ఒక పట్టీ తీసుకున్నాడు. జయశ్రీ అక్కడే నిలబడిపోయింది. ఆమె చూపు రచన మీద ఉంది. ఆ చూపులో కోపం లేదు. బతిమాలుకోవడం ఉంది.

"స్వామీ," అంది రచన.

"చెప్పు మాతా."

"అవి నేను చెయ్యలే. కొన్నయి."

అనురాగ్ కళ్లు మూసుకున్నాడు. రాఘవేందర్ మాత్రం మెల్లగా నవ్వాడు.

"నాకెర్కనే."

ఈసారి కొయ్యబారడం ముగ్గురి వంతూ అయింది.

"హిమాయత్‌నగర్ల ఒకలకు వైరు ఇయ్యనీకి పోయిన. దుకాణం అద్దంలకెళ్లి కనబడ్డవ్. డబ్బాలు తిప్పి తిప్పి చదువుతున్నవ్. ఒకటి పెట్టేస్తవ్, ఇంకోటి తీస్తవ్. పక్కన జనం నిన్ను తోసుకుంట పోతున్నరు. నీకు సోయి లేదు. నేను బండి మీద కూసోనే చూసిన. నా షుగర్ గురించే చదువుతున్నవని సమజైంది. తెల్లారి గవ్వే డబ్బాల కనబడ్డయ్."

"మరి ఎట్ల తిన్నరు స్వామీ? బయటియి గద," అంది జయశ్రీ. గొంతు ఆమెది కానట్టే ఉంది.

"ఇంట్ల వండితేనే మడా? గంత పట్టుదలతోని ఏరి తెచ్చింది గూడ మడే అనుకున్న. గురుస్వామికి చెప్పలే. ఇగో, టూత్‌పేస్టు మీద గూడ చుక్క ఎతుకుతనని మీరంత నవ్వుతరు. దీనికి మాత్రం ఎతకలే. ఆమె చదివినంక మళ్ల నేను చదివేదేముంది?"

అని పట్టీని నోటి దగ్గరికి తీసుకున్నాడు.

మాల వేసుకున్నప్పటినుంచి ఆ ఇంట్లో ఆడవాళ్లెవరూ స్వామిని తాకలేదు. రచన వంగి ఆయన మణికట్టు పట్టుకుంది.

"తినకుండ్రి స్వామీ. దాంట్ల గుడ్డుంది."

జయశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుంది. రాఘవేందర్‌కు మాట ఎక్కలేదు. చిరునవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"ఏం గుడ్డు?"

"కోడిగుడ్డు. తెల్లసొన. మొదటి డబ్బా చదివి తెచ్చిన. రెండోది చదవలే. ఫోన్ల ఆర్డర్ చేసిన. ఇంట్ల చేసినట్టు కనబడాలని కవర్లు నేనే ఒలిచిన. ఇప్పుడే చూసినం. ఎన్ని దినాల నుంచి తింటున్నరో నాకే తెల్వదు స్వామీ."

ఆయన వేళ్లు విడిపోయాయి. పట్టీ చాప మీద పడింది. ముఖంలో రక్తం లేదు, విభూతి ఒక్కటే మిగిలింది. కుడిచెయ్యి మాల వైపు లేచి, సగం దూరంలో ఆగిపోయింది. తాకవచ్చో లేదో తెలియని చెయ్యి అది.

"తెల్వక జరిగింది స్వామీ," జయశ్రీ ఏడుస్తోంది. "పిల్లను ఏమనకుండ్రి. ఏదన్న శాంతి చేపిద్దం. గురుస్వామిని అడుగుదం. మాల మాత్రం తియ్యకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

"జర ఊకో మాతా."

రచన తిట్టు కోసం కాచుకుంది. తిడితే బాగుండు. కొట్టినా బాగుండు. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్లలో కోపం లేదు. అంతకంటే పెద్ద భయమేదో ఉంది.

"నా సంగతి పోనియ్యి బిడ్డా," అన్నాడు.

మాత అనలేదు. దీక్ష మొదలయ్యాక మొదటిసారి బిడ్డా అన్నాడు.

"నిన్న ప్రేమ్‌సాగర్ గురుస్వామి ఇంట్ల భజన అయినంక ఈ డబ్బా నేనే పట్టుకపోయిన. మా కోడలు పంపింది, మస్తుంటయ్ అని స్వాములందరికి నా చేతులతోని పంచిన. అందరు తిన్నరు. గురుస్వామి గూడ తిన్నడు. మంచిగుందని ఇంకోటి అడిగి తీసుకున్నడు."

రేపు పొద్దున ఇరుముడి ఎత్తేది ఒక్క రాఘవేందర్ కాదు. గుంపంతా. మొదటిసారి కొండకు పోతున్న కన్నెస్వాములున్నారు. ఎవరు ఏ మొక్కుతో మాల వేసుకున్నారో, ఎవరి ఇంట్లో ఎవరి ప్రాణం ఆ మాలకు కట్టి ఉందో రచనకు తెలియదు.

కింద మెట్ల మీద శరణుఘోష వినబడింది. ఒకరు స్వామియే అంటే పదిమంది శరణమయ్యప్ప అంటున్నారు. అడుగుల చప్పుడు పైకి వస్తోంది.

జయశ్రీ మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరుగున వెళ్లి తలుపు గొళ్లెం పెట్టింది. "జ్వరమొచ్చింది, పండుకున్నడని చెప్త," అంది రొప్పుతూ.

"డాడీ, ప్లీజ్," అన్నాడు అనురాగ్. స్వామి అనాలని కూడా గుర్తులేదు. "మనం నలుగురం తప్ప ఎవలకు తెల్వదు. వాళ్లను మంచిగ పోయి రానియ్యిండ్రి."

కాలింగ్ బెల్ మోగింది. రాఘవేందర్ గోడ పట్టుకుని లేచాడు. భార్యను చూడలేదు, కొడుకును చూడలేదు. కోడలి కోసం తను మొక్కిన మొక్కు ఇప్పుడు ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు. నల్లకండువా సర్దుకుని రచన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తలుపు తియ్యి బిడ్డా," అన్నాడు. "వాళ్లకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"